కార్డినల్ పూల అంతోని గారు, మన నల్గొండ మేత్రాసనం: ఏది ఆయన చేతిలో ఉంది, ఏది లేదు

2022 ఆగస్టు 27న రోమ్‌లో పోప్ ఫ్రాన్సిస్ గారు హైదరాబాదు ఆర్చ్‌బిషప్ పూల అంతోని గారి తలమీద ఎర్రటోపీ పెట్టారు. తెలుగువాళ్లలో తొలి కార్డినల్ ఆయనే, దళితుల్లో తొలి కార్డినల్ కూడా ఆయనే. ఆ రోజు నుంచి నల్గొండ, పాలమూరు విచారణల్లో (ఒక్కో గురువు, అంటే ఫాదర్, చూసుకునే గుడి ప్రాంతాల్లో) రెండు మాటలు వినపడుతున్నాయి. ‘ఆయన హైదరాబాదుకు కదా, మనకేం సంబంధం’ అనేది ఒకటి. ‘మన బిషప్ గారికి పైవారు ఆయనే, ఏదున్నా అక్కడికే పోయి చెప్పుకుందాం’ అనేది రెండోది. రెండూ సరికాదు. సంబంధం ఉంది, అదీ గట్టిదే. కానీ మనవాళ్లు వెతుకుతున్న చోట కాదు.

ముందు ఆయన నడిచొచ్చిన దారి. 1961 నవంబరు 15న కర్నూలు మేత్రాసనంలోని (మేత్రాసనం అంటే ఒక బిషప్ పాలించే ప్రాంతం) పోలూరులో పుట్టారు. ఇంట్లో లేమి వల్ల ఏడో తరగతితో చదువు ఆగింది. మిషనరీలు చేయి పట్టుకోబట్టి మళ్లీ బడికి పోగలిగారు. నూజివీడు సెమినరీ, ఆ తర్వాత బెంగళూరులోని సెయింట్ పీటర్స్ సెమినరీ. 1992 ఫిబ్రవరి 20న కడప మేత్రాసనానికి గురువుగా అభిషిక్తులయ్యారు. పల్లె విచారణల్లో పనిచేశారు, కొంతకాలం అమెరికాలోని షికాగోలో చదువుకున్నారు, తిరిగొచ్చాక పేద పిల్లల చదువుకు దాతలను కలిపే పని చూశారు. డబ్బుల్లేక బడి మానిన మనిషికి ఆ బాధ్యత దొరకడం నాకు చాలా సబబుగా అనిపిస్తుంది. 2008 ఫిబ్రవరి 8న కర్నూలు బిషప్‌గా నియామకం, ఏప్రిల్ 19న అభిషేకం. 2020 నవంబరు 19న హైదరాబాదు ఆర్చ్‌బిషప్. తుమ్మా బాల గారి తర్వాత ఆ పీఠం ఎక్కారు. 1953లో హైదరాబాదు అగ్రపీఠం (ఆర్చ్‌బిషప్ ఉండే పీఠం) అయినప్పటి నుంచి గోపు జోసఫ్ మార్క్, శామినేని అరుళప్ప, మారంపూడి జోజి, తుమ్మా బాల గార్ల తర్వాత ఈయన అయిదోవారు. ముందున్న నలుగురిలో ఎవరికీ కార్డినల్ పదవి రాలేదు.

ఈ వరుసలో చాలామంది గమనించనిది ఒకటుంది. కర్నూలు, కడప ఇప్పుడు ఆంధ్రప్రదేశ్‌లో ఉన్నా, శ్రీసభ (కతోలిక సంఘం) లెక్కలో హైదరాబాదు అగ్రపీఠం పరిధిలోనివే. నల్గొండ, వరంగల్, ఖమ్మం కూడా అందులోవే. అంటే ఆయన పుట్టిందీ, గురువైందీ, బిషప్ అయిందీ, ఆర్చ్‌బిషప్ అయిందీ మన మేత్రాసనం ఉన్న ఈ ఒక్క కూటమిలోనే. కర్నూలు బిషప్‌గా ఉన్న పన్నెండేళ్లూ తుంగభద్ర దాటితే పాలమూరు నేలే. మన కరువూ, వలసా ఆయన కాగితాల్లో చదివి తెలుసుకోవాల్సినవి కావు.

దళిత కార్డినల్ అన్న మాటను ఊరికే గర్వంగా చెప్పుకుని వదిలేయకూడదు. 2000లో మారంపూడి జోజి గారు దేశంలో తొలి దళిత ఆర్చ్‌బిషప్ అయ్యారు. అక్కడి నుంచి ఎర్రటోపీ దాకా రావడానికి ఇంకో 22 ఏళ్లు పట్టింది. మన విచారణల్లో ఎక్కువమంది మాల, మాదిగ కుటుంబాలవాళ్లే. 1950 ఆగస్టు 10 నాటి రాష్ట్రపతి ఉత్తర్వులో మూడో పేరా షెడ్యూల్డ్ కులాల హోదాను హిందువులకే పరిమితం చేసింది. 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను చేర్చారు, క్రైస్తవులను చేర్చలేదు. తెలంగాణలో ఎస్సీ మూలాలున్న క్రైస్తవులు బీసీ-సీ కింద ఉంటారు, వాళ్లకు రిజర్వేషన్ 1 శాతం. అట్రాసిటీ చట్టం రక్షణ, ఎస్సీ సీట్లలో పోటీచేసే హక్కు బీసీ-సీ కాగితంతో రావు. ఏటా ఆగస్టు 10ని నల్లదినంగా పాటించేది ఇందుకే. ఆయన కార్డినల్ అయిన కొద్ది వారాలకే, 2022 అక్టోబరులో, కేంద్రం ఈ విషయం పరిశీలించడానికి మాజీ ప్రధాన న్యాయమూర్తి కె.జి.బాలకృష్ణన్ గారి అధ్యక్షతన కమిషన్ వేసింది. శ్రీసభ లోపలి వివక్ష మీద బిషప్పుల సమాఖ్య 2016 డిసెంబరులో దళిత సాధికారత విధానం ప్రకటించింది. ఆ విధానం విచారణ స్థాయిలో అమలైందా, సమాధుల దొడ్డిలో అడ్డుగోడలున్నాయా, విచారణ సంఘంలో ఎవరి పేర్లున్నాయి అని నిలదీసి అడిగే నైతిక బలం ఈయన మాటకు ఉన్నంతగా మరొకరి మాటకు లేదు. ఆయన వారసత్వాన్ని నేను కొలిచేది ఇక్కడే.

ఇక పదవి సంగతి. కార్డినల్ అంటే బిషప్పుల మీద ఇంకో పై అధికారి కాదు. పోప్ గారికి సలహాదారు, పోప్ గారిని ఎన్నుకునే ఓటరు. పదవి ఇచ్చే రోజు చేసేవి నాలుగు పనులు: ఎర్ర కులాయి, దానిమీద నాలుగు పలకల ఎర్రటోపీ, వేలికి ఉంగరం, రోమ్ నగరంలోని ఒక గుడి పేరు రాసిన పత్రం. పూర్వం పోప్ గారిని ఎన్నుకునేది రోమ్ గురువులే కాబట్టి, దాదాపు ప్రతి కార్డినల్‌ను లాంఛనంగా ఒక రోమ్ గుడికి చెందినవాడిగా చేస్తారు. అంతోని గారికి ఇచ్చింది వియా ఔరేలియా ఆంతికాలోని తొలి వేదసాక్షుల గుడి. ఆ గుడి మీద కూడా ఆయనకు పాలనాధికారం లేదు. శ్రీసభ చట్టం 357 ఆ మాట స్పష్టంగా చెబుతుంది: సలహా ఇవ్వవచ్చు, అండగా ఉండవచ్చు, అక్కడి ఆస్తుల పాలనలో, క్రమశిక్షణలో, గుడి సేవల విషయంలో వేలు పెట్టకూడదు. సొంత పేరు మీదున్న గుడిలోనే ఇలా ఉంటే నల్గొండలో ఎలా ఉంటుందో ఊహించుకోండి.

ఓటు మాత్రం నిజమైన అధికారం. 2025 మే 7న మొదలైన ఎన్నికలో 133 మంది ఓటేశారు, గెలవడానికి 89 కావాలి. మన దేశం నుంచి నలుగురు: అంతోని గారు, గోవా ఆర్చ్‌బిషప్ ఫిలిప్ నేరి ఫెర్రావ్ గారు, బసేలియోస్ క్లీమిస్ గారు, జార్జ్ కూవకాడ్ గారు. ఓటు చీటీ పైభాగంలో ‘పోప్‌గా ఎన్నుకుంటున్నాను’ అని లాటిన్‌లో అచ్చయి ఉంటుంది. కింద పేరు రాయాలి, చేతిరాత ఎవరిదో తెలియకుండా రాయాలి. చీటీ రెండుసార్లు మడిచి, అందరికీ కనపడేట్టు చెయ్యెత్తి పట్టుకుని బలిపీఠం దాకా నడవాలి, ప్రమాణం చదివి పళ్లెంలో పెట్టి పాత్రలోకి జార్చాలి. లెక్కపెట్టే ముగ్గురిలో మూడోవారు ప్రతి చీటీకి ‘ఎన్నుకుంటున్నాను’ అన్న మాట దగ్గర సూది గుచ్చి దారానికి ఎక్కిస్తారు. చీటీ తప్పిపోకుండా, రెండుసార్లు లెక్కకు రాకుండా ఈ ఏర్పాటు. మే 8న నాలుగో విడతలో పద్నాలుగో లియో గారు ఎన్నికయ్యారు. ఏడో తరగతిలో బడి మానిన పోలూరు పిల్లవాడు వేసిన చీటీ కూడా ఆ దారంలో ఉంది.

నల్గొండకు వద్దాం. మన మేత్రాసనం 1976 మే 31న ఏర్పడింది. తొలి బిషప్ చెరియన్‌కున్నేల్ మాథ్యూ గారు, పీమే అనే మిషనరీ సభవారు. మన బిషప్‌ను నియమించేది పోప్ గారు, మన బిషప్ జవాబు చెప్పేదీ పోప్ గారికే. హైదరాబాదు ఆర్చ్‌బిషప్‌కు ఈ అయిదు మేత్రాసనాల మీద ఉన్న పాలనాధికారాలను చట్టం 436 వేళ్లమీద లెక్కపెట్టి చెప్పింది. విశ్వాసం, క్రమశిక్షణ సరిగా సాగుతున్నాయో లేదో గమనించి, తేడా ఉంటే పోప్ గారికి తెలియజేయడం. బిషప్ మేత్రాసన పర్యటనను నిర్లక్ష్యం చేస్తే, రోమ్ ముందుగా కారణం ఆమోదించాక, తానే పర్యటించడం. పీఠం ఖాళీ అయినప్పుడు సలహా గురువులు 8 రోజుల్లో నిర్వాహకుణ్ని ఎన్నుకోకపోతే తాను నియమించడం. అంతే. ఫాదర్‌ను బదిలీ చేయడం, విచారణను విడదీయడం, బడికి కరస్పాండెంట్‌ను మార్చడం, గుడి భూమి మీద సంతకం పెట్టడం ఇందులో లేవు.

పీఠం ఖాళీ కావడమంటే ఏమిటో మనకు బాగానే తెలుసు. 1997 నుంచి ఉన్న గోవిందు జోజి గారు 2021లో విశ్రాంతి తీసుకున్నాక, 2024లో కరణం దమన్ కుమార్ గారు నియమితులయ్యే దాకా నల్గొండకు సొంత బిషప్ లేరు. అలాంటి కాలంలో కొత్త మార్పులేవీ చేయకూడదన్నది చట్టం 428. ఖాళీ కాలంలో పెద్ద పనులు ఆగిపోతే అది ఎవరి బద్ధకమో అనుకుంటారు. చాలావరకు కారణం ఈ నియమమే.

ఆర్చ్‌బిషప్ ప్రభావం అసలు కనపడేది బిషప్ ఎంపికలో. మూడేళ్లకు ఒకసారైనా ఈ కూటమి బిషప్పులంతా కలిసి, బిషప్ కాదగిన గురువుల జాబితా రహస్యంగా తయారుచేసి రోమ్‌కు పంపాలి. పీఠం ఖాళీ అయితే ఢిల్లీలోని పోప్ గారి రాయబారి ముగ్గురి పేర్లు సిద్ధం చేస్తారు. అప్పుడు ఆర్చ్‌బిషప్ అభిప్రాయం తప్పకుండా తీసుకోవాలి, కూటమిలోని మిగతా బిషప్పులదీ, మేత్రాసన సలహా గురువులలో కొందరిదీ కూడా. అభ్యర్థికి కనీసం 35 ఏళ్లుండాలి, గురువై 5 ఏళ్లు నిండాలి. విచారణ పెద్దలనూ విడివిడిగా, రహస్యంగా అడగవచ్చు. అడిగితే నిజం రాయండి, ఎవరికీ చూపించకండి. సంతకాలు సేకరించి ‘మాకు ఫలానా ఫాదర్ గారే బిషప్ కావాలి’ అని మహజరు పంపితే మంచి అభ్యర్థికి కూడా చెరుపే జరుగుతుంది. ఆయనే వెనక ఉండి రాయించుకున్నాడన్న అనుమానం రావడానికి అది చాలు.

ఫిర్యాదుల విషయంలో మనవాళ్లు ఎక్కువగా పొరబడేది గడువుల దగ్గర. బిషప్ గారు రాతపూర్వకంగా ఇచ్చిన ఆదేశం అన్యాయమనిపిస్తే, అది అందిన 10 రోజుల్లోగా, మార్చమనో రద్దుచేయమనో ముందు బిషప్ గారికే రాతపూర్వకంగా అడగాలి. 30 రోజుల్లో జవాబు రాకపోయినా, వచ్చిన జవాబు తృప్తిగా లేకపోయినా, తర్వాత 15 రోజుల్లో రోమ్‌లోని సంబంధిత శాఖకు పోవాలి. మధ్యలో హైదరాబాదు లేదు. చాలామంది మొదట కార్డినల్ గారికి పదిహేను పేజీల ఉత్తరం రాస్తారు, అది మర్యాదగా నల్గొండ బిషప్ హౌస్‌కే తిరిగొస్తుంది, ఈలోగా పది రోజుల గడువు దాటిపోతుంది. ఉత్తరం ఒక పేజీ చాలు: ఆదేశం తేదీ, అది చేతికి అందిన తేదీ, ఏ భాగం మార్చాలి, ఎందుకు. నకలు మీద అందినట్టు సంతకం, తేదీ వేయించుకోండి. నోటిమాటగా చెప్పినదానికి ఈ దారి నడవదు.

పెళ్లి చెల్లదని తేల్చే కేసులు వేరు. అక్కడ మాత్రం హైదరాబాదు ఆర్చ్‌బిషప్ ట్రిబ్యునలే (శ్రీసభ న్యాయస్థానమే) మన మేత్రాసనానికి పై మెట్టు. తీర్పు అందిన 15 రోజుల్లో అప్పీలు వేయాలి, కానీ వేయాల్సింది తీర్పు చెప్పిన ట్రిబ్యునల్‌లోనే. వాళ్లే దస్త్రం పైకి పంపుతారు. నేరుగా హైదరాబాదు పోయి తిరిగొచ్చి గడువు పోగొట్టుకున్న కుటుంబాలు ఉన్నాయి. 2015 డిసెంబరు 8 నుంచి ‘చెల్లదు’ అన్న తీర్పు ఒకటి వస్తే చాలు, ఎవరూ అప్పీలు చేయకపోతే రెండో తీర్పు అక్కర్లేదు. పాతకాలం లెక్కలు చెప్పి రెండు తీర్పులు రావాలని భయపెట్టేవాళ్ల మాట వినకండి.

జూబిలీకో కొత్త గుడి పండుగకో ఆయనను పిలవాలనుకునే విచారణలకు కొన్ని సంగతులు. మొదటి ఉత్తరం విచారణ గురువులు నల్గొండ బిషప్ గారికి రాయాలి. ఆయన సరేనన్నాకే హైదరాబాదుకు. మన గుళ్లలో పూజ చేసే హక్కు ఆర్చ్‌బిషప్‌కు చట్టరీత్యా ఉంది, కథీడ్రల్‌లో అయితే బిషప్‌కు ముందుగా తెలియజేయాలి. హక్కు ఉందని మర్యాద మానకూడదు. భద్రమైన అభ్యంగనం (జ్ఞానస్నానం పొందినవారిని విశ్వాసంలో స్థిరపరిచే సంస్కారం) కూడా ఆయన చేతే ఇప్పించాలంటే బిషప్ గారి అనుమతి ఉండాల్సిందే. ఆ రోజు రిజిస్టర్‌లో అభ్యంగనం ఇచ్చినవారి గడిలో అలవాటుకొద్దీ మన బిషప్ పేరు రాసేస్తుంటారు. ఇచ్చింది కార్డినల్ గారైతే ఆయన పేరే ఉండాలి. పిల్లవాడి జ్ఞానస్నానం వేరే విచారణలో జరిగి ఉంటే అక్కడికి సమాచారం పంపి, ఆ జ్ఞానస్నాన రిజిస్టర్‌లోనూ ఎక్కించాలి. ఇది మరిచిపోతే పదేళ్ల తర్వాత పెళ్లి కాగితాల దగ్గర బయటపడుతుంది.

బలిపీఠం మీద ఏడో కొవ్వొత్తి సొంత మేత్రాసనంలో పూజచేసే బిషప్‌కే. అతిథిగా వచ్చినవారు కార్డినలైనా ఆరే. పూజ మధ్యలో ప్రార్థించాల్సింది పోప్ గారి పేరుతోపాటు నల్గొండ బిషప్ పేరునే. కార్డినల్ గారే ప్రధానంగా పూజ చేస్తున్నా, ‘ఈ మేత్రాసన బిషప్ అయిన నా సోదరుడు’ అని మన బిషప్ పేరు చెప్పి, ఆ తర్వాతే పేరు లేకుండా తనను తాను కలుపుకుంటారు. ఆయన భుజాల మీద తెల్లటి ఉన్నిపట్టీ, దానిమీద ఆరు నల్ల సిలువలు కనిపిస్తే అది పాలియం. ఆర్చ్‌బిషప్ దాన్ని తన కూటమిలోని గుళ్లలోనే వేసుకోవచ్చు. నల్గొండలో, కర్నూలులో వేసుకుంటారు. గుంటూరు, ఏలూరు, విజయవాడ విశాఖపట్నం అగ్రపీఠం కిందివి కాబట్టి అక్కడ వేసుకోకూడదు. కార్డినల్ కదా అని పూజకు ఎర్ర వస్త్రాలు కుట్టించే పని పెట్టుకోకండి. పూజవస్త్రం రంగు ఆ రోజు పండుగను బట్టే, తెలుపు రోజైతే తెలుపే.

ఫ్లెక్సీల దగ్గర తప్పులు తప్పకుండా జరుగుతాయి, ఎందుకంటే డిజైన్ చేసేవాళ్లు ఇంటర్నెట్లో దొరికిన ఏదో బిషప్ చిహ్నం తీసుకుని ఎరుపు రంగు పోస్తారు. డాలు పైనున్న టోపీ నుంచి రెండువైపులా వేలాడే కుచ్చులు లెక్కపెట్టండి. కార్డినల్‌కు ఎరుపు, ఒక్కోవైపు 15, పైనుంచి కిందికి 1, 2, 3, 4, 5 వరుసల్లో. ఆర్చ్‌బిషప్‌కు ఆకుపచ్చ, ఒక్కోవైపు 10. బిషప్‌కు ఆకుపచ్చ, ఒక్కోవైపు 6. డాలు వెనక నిలబెట్టిన సిలువకు బిషప్‌కైతే ఒక అడ్డకమ్మి, ఆర్చ్‌బిషప్‌కు రెండు. కార్డినల్ గారు ఆర్చ్‌బిషప్ కూడా కాబట్టి ఆయన చిహ్నంలోనూ రెండే. ప్రింటుకు పంపకముందు ప్రూఫ్‌లో ఒక వైపు కుచ్చులు లెక్కపెడితే సరిపోతుంది.

ఆయనకు 75 నిండేది 2036 నవంబరు 15న. ఆ రోజుకు ఆర్చ్‌బిషప్ పదవికి రాజీనామా పంపాలి, ఎప్పుడు ఒప్పుకోవాలన్నది పోప్ గారి ఇష్టం. పోప్ ఎన్నికలో ఓటు 2041 నవంబరు 15న 80 నిండేదాకా ఉంటుంది. అంటే హైదరాబాదుకు కొత్త ఆర్చ్‌బిషప్ వచ్చాక కూడా కొన్నేళ్లు ఈయన ఓటరు కార్డినల్‌గా ఉండవచ్చు. అప్పుడు నల్గొండ బిషప్ ఎంపికలో అభిప్రాయం, ట్రిబ్యునల్ అప్పీళ్లు, పాలియం కొత్త ఆర్చ్‌బిషప్‌కు పోతాయి, ఎర్రటోపీ మాత్రం పూల అంతోని గారి దగ్గరే ఉంటుంది.